రెస్కోర్లా లెక్క

1985 నవంబరులో న్యూయార్క్, న్యూజెర్సీ పోర్ట్ అథారిటీ చేతికి ఒక నివేదిక వచ్చింది. ఆ సంస్థ నడిపే వరల్డ్ ట్రేడ్ సెంటర్ మీద ఉగ్రవాదులు దాడి చేయాలనుకుంటే ఏ దారిన వస్తారన్నది అందులో విషయం. ఇలాంటి నివేదికలు మామూలుగా నిద్ర తెప్పిస్తాయి. ఇందులో మాత్రం ఒక చోట రాసినవాళ్లు ఆఫీసు భాష పక్కన పెట్టి కథలా చెప్పుకొచ్చారు. బాంబు దాచిన బండి ఒకటి సెల్లార్‌లోకి దిగుతుంది, అందరి బండ్లతో పాటు పార్కింగులో ఆగుతుంది. నడిపినవాడు లిఫ్టెక్కి పైకి పోయి, నలుగురిలో కలిసి, తన పనేదో తాను చూసుకుంటున్నట్టు వెళ్లిపోతాడు. అనుకున్న టైముకి కింద బాంబు పేలుతుంది. నష్టం ఎంతన్నది బండిలో సరుకెంతన్న దాన్నిబట్టి ఉంటుంది.

ఏడేళ్లు గడిచాక, 1993 ఫిబ్రవరి 26 మధ్యాహ్నం 12:18కి, అద్దెకు తెచ్చిన వ్యాన్ ఒకటి ఆ సెల్లార్‌లోనే పేలింది. ఆరుగురు చనిపోయారు. వెయ్యి మందికి పైగా గాయపడ్డారు. ఏడంతస్తుల మేర కాంక్రీటుకు కన్నం పడింది.

భద్రతా ప్రణాళికల చరిత్రలో ఇంత గురి తప్పని జోస్యం అరుదు. దాన్ని తక్కువ చేయను. కానీ నాకు అంతకన్నా గొప్పగా అనిపించే పనితనం అదే భవనంలో కూర్చున్న ఇంకొకాయనది. ఆయన పేరు రిక్ రెస్కోర్లా. ఆయన చెప్పిన రెండో జోస్యం వివరాల్లో తప్పింది. అయినా 2001 సెప్టెంబరు 11న ఆ తప్పు జోస్యం మీద కట్టుకున్న ఏర్పాటు పనిచేసింది. సరైన జోస్యం మీద మాత్రం ఎవరూ ఏమీ కట్టలేదు. రాబోయే ముప్పులను ఎలా తూచాలి, వాటిలో దేనికి ముందు పీట వేయాలి అన్న పనికి ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడటం కన్నా మంచి పాఠ్యపుస్తకం నాకు తెలియదు.

ముందు ఆ నివేదిక సంగతి. 1983లో బీరూట్‌లో అమెరికా ఎంబసీ మీదికి, తర్వాత మెరైన్ల బ్యారక్స్ మీదికి బాంబు బండ్లు దూసుకొచ్చాయి. బ్యారక్స్ దగ్గర ఒక్క ఉదయం 241 మంది అమెరికన్ సైనికులు పోయారు. పోర్ట్ అథారిటీని నడుపుతున్న పీటర్ గోల్డ్‌మార్క్‌కి ఇది తమ గుమ్మం దాకా రావచ్చనిపించింది. 1984లో ఆఫీస్ ఆఫ్ స్పెషల్ ప్లానింగ్ అని ఒక చిన్న విభాగం పెట్టి ఎడ్వర్డ్ ఓసల్లివన్‌కి అప్పగించాడు. ఆ ఏడే తాను లండన్ వెళ్లి స్కాట్లండ్ యార్డ్ వాళ్లతో మాట్లాడినప్పుడు, టవర్ల కిందనే ఊళ్లోవాళ్ల కార్లు నిలుపుకోనిస్తారని విని వాళ్లు నోళ్లు వెళ్లబెట్టారట. ఆ మాట గోల్డ్‌మార్క్ తన సిబ్బందికి రాసి పంపాడు. ఐరిష్ సాయుధ సంస్థ ఐఆర్ఏ బాంబుల మధ్య బతికిన ఊరి పోలీసులు వాళ్లు; పార్కింగు మాట చెవిన పడగానే ప్రమాదం ఎక్కడుందో వాళ్లకు అర్థమైపోయింది.

ఓసల్లివన్ బృందం పనిలో మెచ్చుకోవాల్సింది వాళ్లు నిలబడిన చోటు. గేటు దగ్గర కాపలావాడి పక్కన నిలబడి చూడలేదు, లోపలికి రావాలనుకునేవాడి కాళ్లతో నడిచారు. సెల్లార్‌లో సుమారు 2,000 బండ్లకు చోటుంది. లోపలికి వచ్చే బండిని ఎవరూ ఆపరు. పెట్టినవాడికి తప్పించుకోవడానికి కావలసినంత టైముంటుంది. భవనాలకు ప్రాణం పోసే కరెంటు, నీళ్లు, టెలిఫోను లైన్లన్నీ ఆ కిందనే ఉన్నాయి. ఈ నాలుగూ ఒక్క చోట కలిశాయన్నదే వాళ్ల వాదన. ఇందులో ఏ ఒక్కటీ రహస్యం కాదు. రోజూ కారు పెట్టుకునే ప్రతి ఉద్యోగికీ తెలిసిన సంగతులే. వాటిని ఒక వరసలో పేర్చిన చేతిదే గొప్పతనం.

పార్కింగు బయటివాళ్లకు మూసేయండి అని రాశారు. మూయలేకపోతే ర్యాంపుల దగ్గర మనుషుల్ని పెట్టండి, ఏదో ఒక బండిని ఆపి తనిఖీ చేస్తుండండి, కరెంటు పోయినా వెలిగే దీపాలు పెట్టండి అని కిందికి కిందికి మెట్లు కూడా వేసి ఇచ్చారు. పోర్ట్ అథారిటీ పార్కింగు మూయలేదు. అద్దె డబ్బులు పోతాయి, అద్దెకున్న కంపెనీలు గొణుగుతాయి, అసలు అలా జరిగే అవకాశం తక్కువ అన్నవి కారణాలు.

ఇక్కడ అధికారుల్ని తిట్టిపోయడం తేలిక. నేనా పని చేయను. వాళ్ల బల్ల మీద ఈ ఒక్క కాగితమే లేదు. గల్ఫ్ యుద్ధం రోజుల్లో, 1991లో, ఇంకో సంస్థ చేత మళ్లీ అంచనా వేయించారు. వాళ్లు సెల్లార్ కన్నా జనం తిరిగే షాపింగు దారులూ నడవలూ ఎక్కువ ప్రమాదమన్నారు. అదీ కాదనలేని మాటే. ఆ కాలంలో బాంబులు సంచుల్లోనూ సూట్‌కేసుల్లోనూ కూడా వచ్చేవి. డబ్బు ఒకటే, పోలీసులు అంతే, ముప్పులు పది. ఈ వృత్తిలో అసలు కష్టం ప్రమాదాన్ని కనిపెట్టడం దగ్గర ఉండదు. కనిపెట్టిన పదింటిలో తొమ్మిదిటికి ఈ ఏడు కాదు అని చెప్పాల్సి వచ్చినప్పుడు మొదలవుతుంది.

ఇలా ఎంచడానికి భద్రతా నిపుణులు ఇప్పటికీ వాడే సూత్రం మూడు గుణకాలది. ముప్పు, అంటే ఎదుటివాడికి ఉద్దేశమూ శక్తీ ఎంతున్నాయన్నది. లొసుగు, అంటే మన దగ్గర ఎక్కడ తెరిచి ఉందన్నది. నష్టం, అంటే జరిగితే ఎంత పోతుందన్నది. మూడూ గుణిస్తే వచ్చే అంకెను బట్టి వరస. కాగితం మీద చక్కగా ఉంటుంది. చిక్కంతా మొదటి గుణకంతోనే. వరదకు బుర్ర లేదు, కాబట్టి వందేళ్ల వర్షపాతం చూసి దాని రాకను లెక్కగట్టవచ్చు. ఉగ్రవాదికి బుర్ర ఉంది. మనం సెల్లార్ మూస్తే వాడు ఇంకో దారి చూస్తాడు. మనం వేసిన లెక్కే వాడి లెక్కను మార్చేస్తుంది. పైగా గుణకారంలో ఒక అంకె సున్నాకు దగ్గర పడితే మిగతా రెండూ ఎంత పెద్దవైనా జవాబు చిన్నదైపోతుంది. 1985 నివేదికలో లొసుగు పెద్దది, నష్టం పెద్దది. ఉద్దేశం ఎవరికుందో చూపించలేకపోయారు. అక్కడే అది పడిపోయింది.

ఇప్పుడు రెస్కోర్లా. 1939లో ఇంగ్లండు నైరుతి కొనన కార్న్‌వాల్‌లోని హెయిల్ అనే చిన్న ఓడరేవులో పుట్టాడు. బ్రిటిష్ సైన్యం, ఉత్తర రొడీషియా పోలీసు, లండన్ పోలీసు, ఆ తర్వాత అమెరికన్ సైన్యం. 1965లో వియత్నాంలోని ఇయా డ్రాంగ్ లోయ పోరాటంలో ఉన్నాడు. తర్వాత చదువుకున్నాడు, పాఠాలు చెప్పాడు, బ్యాంకుల భద్రత చూశాడు. 1985లో, అంటే ఓసల్లివన్ నివేదిక వచ్చిన ఏడే, డీన్ విటర్ అనే షేర్ల కంపెనీలో భద్రతాధికారిగా చేరాడు. 1997లో ఆ కంపెనీ మోర్గాన్ స్టాన్లీతో కలిసిపోయింది. దక్షిణ టవర్‌లో 74వ అంతస్తు దాకా, ఇరవైకి పైగా అంతస్తుల్లో వాళ్ల ఆఫీసులు.

1988 డిసెంబరులో స్కాట్లండ్‌లోని లాకర్‌బీ మీద పాన్ ఆమ్ విమానం బాంబుకు పేలింది. ఆ తర్వాత ఆయన కన్ను తన భవనం మీద పడింది. 1990లో రొడీషియా నాటి స్నేహితుడు డాన్ హిల్‌ని పిలిపించుకున్నాడు. హిల్ సైనికుడు, విధ్వంసం పనులు తెలిసినవాడు. నువ్వైతే దీన్ని ఎలా కూలుస్తావు అని అడిగాడు. ఆ ఇద్దరూ ర్యాంపు మీదుగా సెల్లార్‌లోకి దిగారు. ఎవరూ ఎందుకొచ్చావని అడగలేదు. భవనం బరువు మోసే పిల్లర్లు అక్కడ నలుగురూ తిరిగే చోటే నిలబడి ఉన్నాయి. బాంబు లారీ తెచ్చి వీటి పక్కన పెట్టి నడిచి వెళ్లిపోతాను, అంతే అన్నాడు హిల్. ఓసల్లివన్ బృందానికి తట్టినదే, వేరే దారిన వచ్చి, వీళ్లకూ తట్టింది. రాసి పోర్ట్ అథారిటీకి ఇచ్చారు. ఫలితం మొదటి నివేదికకు ఏమైందో అదే.

1993లో బాంబు పేలిన రోజు రెస్కోర్లాకి ఇంకో సంగతి తెలిసొచ్చింది. కరెంటు పోయింది, మెట్ల దారుల్లో పొగ, చీకటి. భవనాలు పూర్తిగా ఖాళీ అవడానికి నాలుగు గంటలకు పైగా పట్టింది. తన అంతస్తులో జనం ఏం చేయాలో తెలియక గోల చేస్తున్నారు. అరిచినా ఎవరూ వినలేదు. టేబుల్ ఎక్కి, మీరు నోరు మూయకపోతే నా ప్యాంటు విప్పేస్తాను అని బెదిరించాడని చెబుతారు. అప్పుడు నిశ్శబ్దమైంది. అప్పుడు దిగారు. నవ్వొచ్చే ఘట్టమే, కానీ నిపుణుడు అందులోంచి తీసుకున్నది చూడండి. బాంబు తీవ్రత కన్నా ఆ టేబుల్ ఎక్కాల్సి రావడమే ఆయనకు పెద్ద లోపంగా కనబడింది. ప్రమాదం వచ్చిన క్షణంలో మనుషులు పరుగెత్తరు, దిక్కులు చూస్తారు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. హ్యాండ్‌బ్యాగు వెతుక్కుంటారు.

పోర్ట్ అథారిటీ ఈసారి పార్కింగు బయటివాళ్లకు మూసేసింది. తొమ్మిది కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టి మెట్లకు బ్యాటరీ దీపాలూ చీకట్లో మెరిసే గీతలూ వేయించింది. మంచి పనులే. ఆ గీతలు తర్వాత చాలామందికి దారి చూపాయి. రెస్కోర్లా మాత్రం సెల్లార్ సంగతి ఇక తేలిపోయిందనుకుని పైకి చూడటం మొదలుపెట్టాడు. పని సగంలో ఆగిన శత్రువు అదే భవనం మీదికి మళ్లీ వస్తాడు, కింది దారి మూసుకుంది కాబట్టి ఆకాశంలోంచి వస్తాడు అన్నది ఆయన, హిల్ కలిసి కట్టిన రెండో అంచనా. పేలుడు పదార్థాలో రసాయనాలో నింపిన సరుకు విమానం వచ్చి టవర్‌కి గుద్దుతుందని ఊహించారు. 1994 డిసెంబరులో అల్జీర్స్‌లో ఎయిర్ ఫ్రాన్స్ విమానాన్ని హైజాక్ చేసినవాళ్లు దాన్ని పారిస్ మీద కూల్చాలనుకున్నారన్న అనుమానం బయటికొచ్చాక, ఇది గాలి కబురని కొట్టిపారేయడానికి వీల్లేకపోయింది.

ఆయన సిఫారసు సూటిగా ఉంది: ఇక్కడి నుంచి లేచిపోదాం, న్యూజెర్సీలో నాలుగంతస్తుల్లో సర్దుకుందాం. కంపెనీ ఒప్పుకోలేదు. లీజు 2006 దాకా ఉంది.

పనితనం కనిపించేది ఇక్కడి నుంచే. మొదటి సిఫారసు తిరస్కరిస్తే చాలామంది ఫైలు మూసి, చెప్పాల్సింది చెప్పాం అని చేతులు దులుపుకుంటారు. రెస్కోర్లా తన చేతిలో ఉన్నదీ లేనిదీ విడదీసుకున్నాడు. విమానాన్ని ఆపడం తన చేతిలో లేదు. భవనాన్ని గట్టి చేయడం తన చేతిలో లేదు. లీజు తన చేతిలో లేదు. తన కంపెనీ మనుషులు మెట్లు దిగడం మాత్రం తన చేతిలో ఉంది. ఇంకో సంగతీ గమనించాడు: లారీ వచ్చినా, విమానం వచ్చినా, నిప్పు అంటుకున్నా ఆ మనుషులు చేయాల్సిన పని ఒకటే. చెరువు కట్టకు గండి ఎక్కడ పడుతుందో చెప్పలేకపోయినా, ఎక్కడ పడ్డా అర్ధగంటలో ఇసుక బస్తాలతో ఊరు చేరేలా చూసుకోవచ్చు. ముప్పుల వరసలో మొదటి గుణకాన్ని, ఎవరికీ అందని ఆ అంకెను, ఆయన లెక్కలోంచే తీసేశాడు. నా దృష్టిలో ఈ ఒక్క ఎత్తుగడ వంద నివేదికల పెట్టు.

ఇక ఆ డ్రిల్లులు. మన హైటెక్ సిటీలో మాక్ డ్రిల్ అంటే ఎలా ఉంటుందో ఉద్యోగం చేసిన ప్రతివాళ్లకూ తెలుసు. మెయిల్ ముందే వస్తుంది, తెలివైనవాళ్లు ఆ టైముకి కాఫీకి దిగిపోతారు, మిగతావాళ్లు ఐడీ కార్డు ఊపుకుంటూ కింద చెట్టు నీడన ఫోన్లు చూసుకుంటారు. రెస్కోర్లా డ్రిల్లు చెప్పకుండా వచ్చేది. ఫోన్‌లో లక్షల డాలర్ల బేరం నడుస్తున్నా సరే, లేవాల్సిందే. అందరూ రెండు మెట్ల దారుల మధ్య ఉన్న హాలులో చేరాలి, చెప్పగానే ఇద్దరిద్దరుగా దిగాలి. నెమ్మదిగా నడుస్తున్నారనిపించాక స్టాప్‌వాచ్ తెచ్చాడు. శిక్షణకో మీటింగుకో వచ్చిన బయటివాళ్లకు కూడా మెట్లు ఎక్కడున్నాయో ముందే చూపించాలన్నాడు. అన్నిటికన్నా తెగువ గల ఆదేశం ఇంకొకటుంది: ప్రమాదం వచ్చినప్పుడు భవనం మైకులో పోర్ట్ అథారిటీ ఏం చెప్పినా వినొద్దు, నా మాట వినండి. డబ్బు సంపాదించే బ్రోకర్లు సణుక్కున్నారు. ఏళ్ల తరబడి ఏమీ జరగలేదు. ఏమీ జరగని ఏళ్లలో ఒక డ్రిల్లును బతికించి ఉంచడం ఎంత కష్టమో ఆ పని చేసినవాళ్లకే తెలుసు.

2001 సెప్టెంబరు 11 ఉదయం 8:46కి ఉత్తర టవర్‌కి మొదటి విమానం తగిలింది. మూడు నాలుగు నిమిషాల్లో దక్షిణ టవర్ మైకులో ప్రకటన వచ్చింది: ప్రమాదం పక్క భవనంలో, ఈ భవనానికి ఏమీ లేదు, మీ సీట్లలోనే ఉండండి. రెస్కోర్లా చేతి మైకూ వాకీటాకీ తీసుకుని మనుషుల్ని దింపడం మొదలుపెట్టాడు. 9:02కి, పరిస్థితి చూసుకుని కావాలంటే దిగవచ్చు అని భవనం మైకు మాట మార్చింది. 9:03కి రెండో విమానం 77 నుంచి 85 అంతస్తుల మధ్య దూరింది. మెట్లలో ఉన్నవాళ్లు ఊగిపోయారు. ఆయన వాళ్లను నిలబెట్టడానికి కార్న్‌వాల్ పాటలు పాడాడు. 9:59కి టవర్ కూలింది. మోర్గాన్ స్టాన్లీకి ఆ టవర్‌లో సుమారు 2,700 మంది ఉంటే, పోయినవాళ్లు 13 మంది. అందులో ఆయన ఉన్నాడు. ఎవరైనా వెనక మిగిలిపోయారేమో చూడటానికి పదో అంతస్తు దగ్గర మళ్లీ పైకి ఎక్కుతుండగా ఆయన్ను చివరిసారి చూశారు.

ఈ అంకెల్ని చూసి పూనకం వచ్చినట్టు మాట్లాడేవాళ్లతో నేను పూర్తిగా ఏకీభవించను. వాళ్ల అంతస్తులు విమానం తగిలిన చోటుకు కిందుగా ఉన్నాయి. ఆ రోజు రెండు టవర్లలోనూ తగిలిన చోటుకు కింద ఉన్నవాళ్లలో దాదాపు అందరూ, ఏ కంపెనీ వాళ్లయినా, బయటపడ్డారు. భవనాలు సగం ఖాళీగా ఉన్న పొద్దుటి వేళ కావడం ఇంకో అదృష్టం. కాబట్టి 2,700 ప్రాణాలూ స్టాప్‌వాచ్ ఖాతాలో వేయలేం. కానీ చుట్టుపక్కల వాళ్లు మైకు మాట విని సీట్లలోకి తిరిగి వెళుతున్నప్పుడు ఒక కంపెనీకి కంపెనీ కదలడం, తొక్కిసలాట లేకుండా కదలడం, శిక్షణకు వచ్చిన 250 మంది కొత్తవాళ్లు కూడా దారి తడుముకోకుండా కదలడం ఆ ఖాతాలోవే. రెండో విమానం వచ్చేలోపు ఉన్న ఆ మొదటి 17 నిమిషాలు ఎవరి వల్లా దొరికినవి కావు, వాటిని వృథా చేయకపోవడం మాత్రం ఆయన వల్లే.

ఓసల్లివన్ నివేదిక ఆఖరికి కోర్టుకెక్కింది. 1993 బాధితుల దావాలో ఆ కాగితమే ప్రధాన సాక్ష్యం. అంత స్పష్టంగా ముందే తెలిసినా మూయలేదు కదా అని 2005లో జ్యూరీ పోర్ట్ అథారిటీ మీద 68 శాతం బాధ్యత వేసింది, బాంబు పెట్టినవాళ్ల మీద 32 శాతం. హంతకుడి కన్నా కాపలాదారుకు రెట్టింపు. 2011లో న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం ముగ్గురు కాదన్నా నలుగురి మెజారిటీతో ఆ తీర్పు తిరగరాసింది. ఉన్న పోలీసుల్ని ఏ ముప్పు దగ్గర పెట్టాలో ఎంచుకోవడం ప్రభుత్వ విచక్షణలోది, ఎంపిక తప్పినంత మాత్రాన పరిహారం అడగలేరన్నది దాని సారాంశం. చట్టం వరకు ఆ మాట సరే. వచ్చిన పదింటిలో ఒకటే ఎంచగలం అని నేను పైన అన్నదే న్యాయమూర్తులూ అన్నారు. కానీ ఎంచని తొమ్మిదిటి విషయంలో ఏమీ చేయలేం అన్నది మాత్రం వేరే మాట. రెస్కోర్లా ఆ రెండిటి మధ్యనే పనిచేశాడు.

న్యూయార్క్ నగరం 2004లో 26వ నంబరు స్థానిక చట్టం చేసింది. పెద్ద ఆఫీసు భవనాలు నిప్పుకే కాక మిగతా ఆపదలకూ ప్రణాళిక రాసి అగ్నిమాపక శాఖకు ఇవ్వాలి. ఆ ప్రణాళికలో జనం చేయదగ్గవి నాలుగే: ఉన్నచోటే తలుపులు వేసుకుని ఉండటం, భవనంలోనే ఇంకో చోటికి పోవడం, కొన్ని అంతస్తులు ఖాళీ చేయడం, మొత్తం ఖాళీ చేయడం. ఎవడు వస్తాడు, ఏం తెస్తాడు అన్నదానితో పనిలేకుండా, ఏది జరిగినా ఈ నాలుగింటిలో ఒకటి. రెస్కోర్లా ఆలోచన తీరే ఇది, ఆయన పేరు లేకుండా. అయితే ఆయన జీవితమంతా పట్టుకున్నది నాలుగోది ఒక్కటే. తన రెండో అంచనాలో ఆయనే రాసిన రసాయనాలు నిజంగా వీధిలో చిమ్మి ఉంటే, 2,700 మందిని ఇద్దరిద్దరుగా దింపి అందులోకి నడిపించడం తప్పయ్యేది. ఆ రోజుకు కావలసింది మొదటిది, కిటికీలు మూసుకుని కూర్చోవడం. ఆ డ్రిల్లుకు స్టాప్‌వాచ్‌తో పనిలేదు. అది చేయించి చూపినవాళ్ల కథ నేనింకా ఎక్కడా చదవలేదు.